వండని పూట

ఆమె ఒక కార్ఖానా క్యాంటీన్లో పెద్ద వంటమనిషి. తెల్లారకముందే వెళ్లి గంగాళాల ముందు నిలబడితే పొద్దువాలాకే ఇంటిముఖం చూసేది. ఇంటికొచ్చాక మళ్లీ పొయ్యే. గానుగెద్దుకైనా రాత్రి కట్టు విప్పుతారు, ఆమెకు అదీ లేదు. కొంతకాలంగా అన్నం కూడా సహించడం లేదు.

ఆ ఆదివారం కూతురు పట్టుబట్టింది. "బస్టాండు వెనక వీధిలో కంబోడియా హోటలు పెట్టారమ్మా. ఇవాళ నువ్వు పొయ్యి వెలిగించొద్దు."

"కంబోడియానో గుమ్మడియానో, అక్కడ మనం తినేదేముంటుందే?" అని అత్తగారు గొణిగింది. కానీ అందరికంటే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడిందీ ఆవిడే.

హోటలు ఇరుకు గది. వంటింటికీ బల్లలకీ మధ్య ఒక కిటికీ. లోపల కంబోడియా ఆవిడ వండుతుంటే, బయట ఆవిడ భర్త వడ్డిస్తున్నాడు. ఆమె కుర్చీలో కూలబడి, చెప్పులు విడిచి, సలుపుతున్న పాదాల్ని చల్లటి నేలకి ఆనించింది. కూతురు మెనూ కార్డులో బొమ్మలు చూపించి ఏవేవో తెమ్మని చెప్పింది.

ఇంతలో పెద్ద గుంపొకటి వచ్చిపడింది. వంట ఆలస్యమైంది. కిటికీలోంచి చూస్తే లోపల ఆవిడకి ఊపిరి సలపడం లేదు.

"పాపం, ఒక్కతే తంటాలు పడుతోంది. నువ్వెళ్లి ఓ చెయ్యి వేస్తే మన పని త్వరగా తెములుతుంది," అన్నాడు పక్కనే కూర్చున్న ఆమె భర్త నవ్వుతూ.

పొయ్యి మీద గిన్నె పొంగబోవడం అప్పటికే ఆమె కంట పడింది. అలవాటుకొద్దీ సగం లేచింది కూడా. మళ్లీ కూర్చుంది.

"నేను లేవనండీ," అంది.

ఎట్టకేలకు చేప వచ్చింది. అరటాకు దొన్నెలో, కొబ్బరిపాలతో ఆవిరి మీద ఉడికిన చేప. చెంచా తగిలితే మీగడలా విడిపోయింది. నిమ్మగడ్డి వాసన గుప్పుమంది. ఇందులో ఉప్పెంత, పులుపెంత అని నాలుక లెక్క కట్టబోయి ఊరుకుంది. ఎన్నాళ్లకో ఆమెకు ఆకలేసింది.

"అదిరింది!" అన్నాడు భర్త. "ఏమేశారో పసిగట్టావా? వచ్చే ఆదివారం మనింట్లో చేసెయ్. నీ చేతిలో పడితే దీని తలదన్నేలా ఉంటుంది."

ఆమె చెంచా కింద పెట్టింది.

"చెయ్యను."

"అదేంటి?"

"ఓపిక లేదండీ. ఎక్కడ ఏ ముద్ద బాగున్నా అది మర్నాటికి నా పని అయిపోతోంది. ఇదొక్కటన్నా నాకు తినడానికే ఉండనివ్వండి."

గొంతు పెంచలేదు, కళ్లనీళ్లు పెట్టలేదు. "మెచ్చుకున్నా తప్పేనా?" అంటూ భర్త మొహం ముడుచుకున్నాడు. ఇక అత్తగారు అందుకుంటుందని ఆమె తల వంచుకుంది.

అత్తగారు మూతి తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. "దాన్ని తిననివ్వరా. మీ నాన్నా ఇంతే. ఏ పెళ్లికెళ్లొచ్చినా నాకు గుండెల్లో రాయి పడేది, ఏ వంటకం పేరు మోసుకొచ్చాడోనని. మెప్పే కదా అని చేసిపెట్టేదాన్ని. చెయ్యనని అనొచ్చని నాకు తోచనే లేదు."

భర్త నీళ్లు తాగి, గ్లాసు వైపే చూస్తూ, "పోనీ, ఆదివారం పొద్దున్న నేను చేస్తా. కోడిగుడ్లు ఉడకబెట్టడం వచ్చు," అన్నాడు.

"పోయినసారి నీళ్లింకిపోయి గిన్నె మాడింది నాన్నా," అంది కూతురు.

అత్తగారు పకపకా నవ్వింది. ఆమెకు నవ్వే ఓపిక కూడా లేదు. "మాడితే మాడనీ. గిన్నె కూడా మీరే తోమండి," అంది.

"సరే," అన్నాడతను, కాస్త ఆలస్యంగా.

ఆమె దొన్నె అడుగు దాకా ఊడ్చుకుని తింది. తర్వాత వడ్డించే అతన్ని పిలిచి ఇంకో చేప తెమ్మంది. ఎవరికని అతను, తెలుగు రాక, చేత్తో సైగ చేసి అడిగితే, తనకేనని గుండె మీద చెయ్యి పెట్టి చూపించింది.