కోయని పేజీలు

నేను ఒక ఫ్రాన్సు రాణిగారి జీవిత చరిత్రను. పారిస్‌లో అచ్చయ్యాను. మా రోజుల్లో కాగితాలను మడతపెట్టి, అంచులు కోయకుండానే కుట్టి అమ్మేవారు. కొన్నవాళ్ళే చాకుతో ఒక్కో మడతా కోసుకుంటూ చదువుకోవాలి. ఓడెక్కి యానాం చేరి కనకాల త్రినాథంగారి చేతిలో పడ్డప్పుడు, ఇక చాకు రావడమే తరువాయి అనుకున్నాను. నా పిచ్చిగానీ!

ఆయన కోర్టు గుమాస్తా. ఫ్రాన్సు రాణుల, రాకుమార్తెల చరిత్రలు ముప్ఫై ఎనిమిది పోగుచేశారు. అట్టలు వేసి, కలరా ఉండలు పెట్టి, అద్దాల బీరువాలో బిగించి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నారు. ఇంటికొచ్చినవాళ్ళతో మాత్రం, "అన్నీ నాకు కంఠతా వచ్చండి" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

ఆయన భార్య సుభద్రమ్మ పెళ్ళికి ముందు కన్యాస్త్రీల బడిలో ఫ్రెంచి నేర్చుకుంది. "ఒక్కటియ్యండి, చదివి ఇచ్చేస్తాను" అని అడిగింది.

"నలిగిపోతాయే. నీకెందుకియ్యన్నీ?" అన్నారాయన.

మాకు ఏడాదికొక్కసారే విడుదల. దసరాల్లో సరస్వతీ పూజనాడు పీట మీద పేర్చి, బొట్టుపెట్టి, హారతి కాగానే మళ్ళీ బీరువాలోకి. చదవని పుస్తకానికి దణ్ణం పెట్టడం మనుషులకే చెల్లింది. ఒక ఏడు ఆయన స్నానానికి వెళ్ళగానే సుభద్రమ్మ నన్ను తీసి తెరవబోయింది. పేజీలు కోయలేదు! ఆమె నవ్వుకుని, నైవేద్యం పళ్ళు కోసే చాకు తెచ్చింది. మా రాణిగారి తల కత్తివేటుకే తెగిందని తెలిసినదాన్ని, చాకు చూడగానే హడలిపోయాను. ఆయన వచ్చేలోగా పదహారు పేజీలు కోసి చదివేసింది.

అలా ఏటా పదహారు. భర్త గుట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆయన అట్టలు తుడిచేవారేగానీ లోపల ఎన్నడూ చూసింది లేదు.

అలా ఇరవై ఏళ్ళు చదివేసరికి కథలో రాణిగారు చెరసాల చేరారు. ఈ ఏడు సుభద్రమ్మ నన్ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ఆమె కళ్ళకు పొరలొచ్చాయి. ఇక రాణిగారికీ, ఆమెకూ, నాకూ ఈ చెర తప్పదని దిగులేసింది.

త్రినాథంగారు తడి తువ్వాలుతో వచ్చారు. ఆమె నన్ను దాచలేదు. చాకు ఆయన చేతిలో పెట్టింది.

"నాకు అక్షరాలు ఆనట్లేదండి. మీకు కంఠతా వచ్చుకదా, తర్వాతేమైందో చెప్పండి."

ఆయన నన్ను తీసుకుని, కోసిన మడతలన్నీ తిప్పి చూశారు.

"నాకు తెలీదే" అన్నారు చివరికి.

పీట ముందు కూలబడి, మడత కోశారు. కూడబలుక్కుంటూ పైకి చదివారు. హారతి పళ్ళెం వెలిగించకుండా అలాగే ఉండిపోయింది. మడత అయిపోయాక ఆయన చాకు కింద పెట్టబోయారు.

"ఇంకోటి కొయ్యండి" అంది సుభద్రమ్మ.