పదకొండిళ్ళ వెలి

హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మూడో నెలలో ఆ బెస్త ఊరికి కొత్త కమిటీ వచ్చింది. ప్రెసిడెంటు నరసింగరావు మొదటి మీటింగులోనే మైకు పట్టుకుని, తాతల నాడు వేరే రేవు నుంచి వలసొచ్చిన పదకొండిళ్ళవాళ్ళే మనకి రావలసిన సాయం తినేస్తున్నారన్నాడు. పడవలు పోగొట్టుకున్న జనానికి ఆ మాట బాగా ఎక్కింది.

ఆ పదకొండిళ్ళలో గున్నమ్మది ఒకటి. మొగుడు పోయాక ఎండు చేపలమ్మి ఇద్దరు పిల్లల్ని పెంచింది. కొడుకు సోములు వేటకి వెళ్తాడు. కూతురు నీలవేణిని ఆ ఊరి పాత వంశంలో యుగంధర్‌కి ఇచ్చింది. ఆ యుగంధరే ఇప్పుడు కమిటీ సెక్రటరీ.

ఒక ఉదయం అతను కాగితం పట్టుకుని అత్తగారి గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. రేపటి నుంచి ఈ పదకొండిళ్ళవాళ్ళు రేవులో పడవ దించకూడదని, కొట్లో ఎవరూ వాళ్ళకి సరుకు ఇవ్వకూడదని, ఎవరూ వాళ్ళతో మాట్లాడకూడదని చదివాడు.

"నీ పెళ్ళాం పేరు కూడా రాసినావేటి, అల్లుడా?" అని గున్నమ్మ అడిగింది.

"అది మా ఇంటి మనిషి. దాని ఊసు నీకొద్దు," అన్నాడు యుగంధర్.

పది రోజుల్లో అంతా సద్దుమణుగుతుందని సోములు అనుకున్నాడు. వారం తిరక్కుండానే ఎవరో అతని వల కోసేశారు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు గున్నమ్మ బిందెని కాలితో పక్కకి నెట్టారు. అదే వరసలో నిలబడ్డ నీలవేణి తల తిప్పుకుంది. కానీ ఆ సాయంత్రం మనసాగక తల్లికి బియ్యం పట్టుకెళ్ళింది. పక్కింటివాళ్ళు చూసి కమిటీకి చెప్పారు.

తల్లితో తెగతెంపులు చేసుకున్నానని మైకులో చెప్పకపోతే తమ తొమ్మిదేళ్ళ కూతురు ఈశ్వరి పేరు కూడా లిస్టులోకి ఎక్కుతుందని యుగంధర్ ఆమెకి చెప్పాడు. మర్నాడు గున్నమ్మనీ సోములునీ కూడా పిలిపించిన మీటింగులో, ఊరంతా చూస్తుండగా నీలవేణి మైకు ముందుకొచ్చింది.

"గున్నమ్మకీ నాకూ ఏ సంబందమూ నేదు."

వినపడలేదన్నాడు నరసింగరావు. ఆమె మళ్ళీ చెప్పింది. సోములు లేచి బావ చొక్కా పట్టుకున్నాడు. పదిమంది మీదపడి అతన్ని కొట్టారు. గున్నమ్మ కొడుకుని లేవదీసుకుని, కూతురి వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

ఊరు వదిలేద్దామని తల్లి అంటే, పుట్టిన రేవు వదలనని సోములు మొండికేశాడు. చివరికి ఆమె ఒక్కతే గజపతినగరం వెళ్ళి సంతలో చేపల గంప పెట్టుకుంది.

ఏడాదిన్నర తరవాత ఎవరో ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి వెలి ఎత్తేయించారు. నరసింగరావు అందరితో చేతులు కలిపి ఫోటో దిగాడు. అప్పటికే ఏడిళ్ళవాళ్ళు ఊరు విడిచిపోయారు. సోములు పడవ దించాడు గానీ, దాని మీదకి ఊళ్ళోవాళ్ళెవరూ కూలికి రాలేదు.

ఆ తరవాత ఒక సంతరోజు నీలవేణి గజపతినగరం వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. గున్నమ్మ పొమ్మనలేదు, పలకరించలేదు. బేరాలు చేసుకుంటూనే ఉంది. కొడుకు ఎలా ఉన్నాడని కూడా అడగలేదు. ఈశ్వరిని రక్షించుకోవడానికే ఆ మాటన్నానని నీలవేణి ఏడుస్తూ చెప్పింది. తల్లి ఒక బేరం ముగించి డబ్బులు కొంగున ముడేసుకుంది.

"నాకూ కూతురుండేది. దాన్ని కాసుకోడానికి నానూ సానా సేసినాను," అంది చివరికి. "బస్సొచ్చే యేళయింది. నీ మొగుడు ఎతుక్కుంటాడు, పో."

నీలవేణి లేచింది. ఆమె బస్సెక్కేదాకా గున్నమ్మ తలెత్తలేదు.