పిల్లలు తినని చాక్లెట్

స్టీలు డబ్బా మూత తీయగానే వచ్చిన వాసన నజ్మీన్‌కు నచ్చలేదు. మాడిన వేరుశనగ వాసన, దాని వెనకాల ఎక్కడో కాస్త పులుపు. లోపల పల్లీపట్టీలా చాకుతో కోసిన నల్లటి ముక్కలు.

"మా తోట గింజలేనే. పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, బెల్లం వేసి మిక్సీ పట్టా. సైమాకి పెట్టు," అంది ఆడపడుచు మాబూబీ. ఏలూరు అవతల కొబ్బరిచెట్ల నీడన కోకో వేస్తారు ఆవిడ అత్తగారివాళ్లు.

నజ్మీన్ డబ్బా అందుకుంది గానీ ముక్క తీయలేదు. కిందటి నెల వాంతులతో ఆసుపత్రిలో పడి సెలైన్ ఎక్కించుకుని వచ్చింది నాలుగేళ్ల సైమా. అప్పటినుంచీ ఆ పిల్ల నోటి దగ్గరికి ఏది వెళ్లినా తల్లికి గుండెదడే.

"మీ పిల్లలు బాగా తింటారా వదినా?"

"వాళ్లా! ముట్టుకోరే. కొట్లో తళతళలాడే కాగితం చుట్టిందే కావాలి దొరలకి. మా ఊరంతా అంతేలే. తోటలో కాయలు, నోట్లో కంపెనీవి."

మాబూబీ నవ్వింది. నజ్మీన్‌కు నవ్వు రాలేదు. దర్శి దగ్గర మిరప చేలల్లో పెరిగిన మనిషి. అమ్మే పంటకు మందు మీద మందు కొట్టి, ఇంటి కారానికి మాత్రం చేను మూల ఒక సాలు మందు చుక్క పడకుండా పెంచేవాడు వాళ్ల నాన్న. పండించినవాళ్లే పిల్లలకు పెట్టడం లేదంటే దానికి ఆమెకు తెలిసిన అర్థం ఒక్కటే. డబ్బా తీసుకెళ్లి అటక మీద పెట్టేసింది.

మధ్యాహ్నం మాబూబీ అడిగింది. "తిందా పిల్ల?"

"పడుకుంది వదినా."

"నేను పడుకోలేదుగా!" మంచం మీంచి అరిచింది సైమా.

మాబూబీకి అటక మీద డబ్బా కనబడింది. "ఏమే, ఏం కలిపాననుకున్నావు అందులో?"

"కలిపారని కాదు... మందు కొట్టిన కాయలేమో అని. మీ పిల్లలే తినరంటిరి."

"చేదుకి తినరే మొద్దూ! కాయకి తెగులొస్తే కొడతాం, లేదనను. పైన ఇంత మందాన తొక్క ఉంటది. గింజ లోపలెక్కడో." మాటలు గట్టిగానే ఉన్నాయి గానీ, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డబ్బా దింపి తనే ఒక ముక్క నోట్లో వేసుకుంది.

నజ్మీన్ కూడా ఒకటి తింది. చేదు నాలుక్కి అంటుకుపోయింది. ఏమైనా తేడా చేస్తుందేమోనని కడుపు మీద చెయ్యి వేసుకుని గడప మీద కూర్చుంది.

"ఎంతసేపే ఆ కాపలా?"

"ఇంకాసేపు వదినా."

పొద్దు వాలాక గోరంత ముక్క తుంచి సైమా నోట్లో పెట్టింది. పిల్ల మొహం వికారంగా పెట్టి తల్లి అరచేతిలో ఉమ్మేసింది. "యాక్! నాకు షాపుదే కావాలి."

మాబూబీ పకపకా నవ్వింది. నజ్మీన్‌కు మాత్రం కోపం ముంచుకొచ్చింది.

"ఉమ్మేస్తావేంటే! అత్త చేత్తో చేసిందది. తిను," అంటూ ఇంకో ముక్క తుంచింది.