సంతకం లేని తల్లి

మేం పనిలో ఉన్నంతసేపూ మా బిడ్డల్ని చూసుకునే పిల్లల గదికి తాళం వేసి ఉంది. ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే, మేమంతా చెల్లీ అని పిలిచే అమ్మాయి ఎనిమిది నెలల బిడ్డను చంకనేసుకుని ఆ తాళం వంకే చూస్తోంది. పక్కనే మా కుట్టు ఫ్యాక్టరీ సైరన్ మోగింది. ఇంకో నిమిషానికి గేటు మూసేస్తారు.

దీనికి మేమూ కారణమే, దాచడమెందుకు. మొన్నటి ఎన్నికల్లో మా యజమానీ ప్రార్థన మందిరం గురువుగారూ ఒకే వేదిక ఎక్కారు. పన్ను దండగ అన్నాడు యజమాని. పన్ను పాపం, పేదల్ని చూసుకోవాల్సింది సర్కారు కాదు, ధర్మాత్ములు అన్నారు గురువుగారు. మేం చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టాం. మా అత్తయితే జెండా పట్టుకుని ముందు నడిచింది. వాళ్ల పార్టీ గెలిచి ఫ్యాక్టరీ పన్ను ఎత్తేసింది. ఆ పన్ను డబ్బులు రావని పురపాలక సంఘం పిల్లల గదిని మూసేసింది.

ఆ సాయంత్రం ప్రార్థన మందిరానికి పోయాం.

"దిగులెందుకు తల్లీ, మీ బిడ్డల్ని ఇక్కడ చూసుకుంటాం. భర్త సంతకం తెస్తే చాలు," అన్నారు గురువుగారు.

చెల్లి మొగుడు బిడ్డ పుట్టకముందే చెప్పాపెట్టకుండా పోయాడు.

"మరి నా బిడ్డ?" అంది.

"ముందు సంసారం చక్కదిద్దుకో అమ్మా."

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోగా అత్త లేచింది.

"అయ్యా, నలభై ఏళ్లుగా ఈ గుమ్మం తొక్కుతున్నా. దేవుడు నన్నెప్పుడూ సంతకం అడగలేదు."

"పన్ను వద్దన్నది నువ్వే కదా?" అన్నారు గురువుగారు.

"అన్నాను. బుద్ధి గడ్డి తిని అన్నాను."

బయట మెట్ల మీదే వాదులాట మొదలైంది.

"మనకు మొగుళ్లున్నారుగా, మన పిల్లల్ని పంపేద్దాం. దాని సంగతి తర్వాత చూద్దాం," అంది గుండీలు కుట్టే వదిన.

"రేపు నీ మొగుడు సంతకం పెట్టనంటే?" అన్నాను.

వదిన రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగింది. "సుత్తి మా ఇంట్లో ఉంది," అంది.

తెల్లారగానే పిల్లల గది తాళం పగలగొట్టి పిల్లల్ని పడుకోబెట్టాం. మిషన్ల దగ్గరికి ఒక్కరూ పోలేదు. మధ్యాహ్నం పోలీసులొచ్చారు, వెనకే యజమాని.

"పగలగొట్టిందెవరు?"

"నేనే," అంది అత్త. అబద్ధం. సుత్తి ఎత్తే ఓపిక ఆమెకెక్కడిది?

అత్తను వ్యాను ఎక్కిస్తుంటే చెల్లి ఏడుస్తూ అడ్డం పోబోయింది.

"బిడ్డకు పాల వేళయింది, లోపలికి పో," అని గదిమింది అత్త.

నేను కోడలిగా వచ్చిన ఈ పన్నెండేళ్లూ నన్ను గదిమిన గొంతే అది. ఆరోజు వింటే కళ్లు నిండాయి.

వ్యాను పోయింది. పనిలోకి రమ్మని యజమాని గేటు దగ్గర అరుస్తూనే ఉన్నాడు. మేం పిల్లల పక్కన కూర్చున్నాం. ఎవరూ లేవలేదు.