పటిక కట్టిన పెట్టె

పెట్టె పిడికి నల్లతాడుతో పటిక ముక్క కడితే ప్రయాణంలో ఆపద దగ్గరికి రాదని నేరేడ్‌మెట్‌లోని ఆ కాలనీలో చాలామంది నమ్మేవారు. వీరరాఘవమ్మకైతే అది నమ్మకం కూడా కాదు, తెలిసిన విషయం. తుని నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లయినా ఆమె ముడి వేయనిదే ఆ ఇంటి సామాను గడప దాటలేదు. కోడలు మాధురి కాలనీ ఆడవాళ్లతో కలిసి బ్యాంకాక్ చూడబోయినప్పుడు, జనరల్ బజార్‌లో బేరమాడి ఒకేసారి కొన్న పన్నెండు నీలం పెట్టెలకూ ఆమే కూర్చుని పటిక కట్టింది.

తిరిగివచ్చిన రోజు శంషాబాద్‌లో, కదిలే బెల్టు మీద నల్లతాడు కనబడగానే మాధురి పెట్టెను లాగేసుకుంది. దాని ట్యాగు చించేసి ఉందని గమనించలేదు. బయటికి వెళ్లే దారిలో కస్టమ్స్ అధికారి ఆపాడు.

"ఈ బ్యాగ్ మీదేనా మేడమ్?"

మాధురి పటిక వైపు చూసింది. "మాదేనండీ. మా అత్తగారు కట్టింది."

పెట్టెలో బట్టల కింద ఎనిమిది కిలోల గంజాయి పొట్లాలున్నాయి. ఆ బట్టలు తనవి కావని మాధురి అప్పుడు మొత్తుకుంది. అందరూ అదే అంటారన్నాడు అధికారి. పంచనామా మీద ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు.

చివరి నిమిషంలో పన్నెండో పెట్టె పట్టుకుని యాత్రలో చేరిన కల్పలత, కాలనీలో అద్దెకున్నామె, ఆ మర్నాడే ఇల్లు ఖాళీ చేసి మాయమైంది. ఇద్దరూ కూడబలుక్కునే సరుకు తెచ్చారని ప్రాసిక్యూషన్ వాదం. రుజువైతే పదేళ్ల దాకా శిక్ష. చంచల్‌గూడ జైల్లో తొంభైనాలుగు రోజులుండి, బెయిలు మీద ఇంటికి వచ్చిన మాధురి కూరగాయల సంచీని కూడా రెండుసార్లు తిరగేసి చూసుకునేది. వీధిలో జీపు ఆగితే వెళ్లి తలుపు గడియ పెట్టేది.

కేసు కొత్తగా తీసుకున్న వకీలు రాఘవేందర్ కార్యాలయం సికింద్రాబాద్ స్టేషన్ ఎదుటి మేడ మీద ఉంది. అత్తాకోడళ్లను కూర్చోబెట్టి ఆయన కాగితాలన్నీ చదివాడు.

"అమ్మా, పట్టుకున్న పెట్టె మీది కాదంటున్నరు. మరి మీ పెట్టె ఏడ వాయె?"

మాధురి అత్తగారి వైపు చూసింది.

"ఏడాదాయె, ఈ ముచ్చట ఒక్కలు సుత అడగలే! మీ పాత వకీలు బెయిల్ దొరికిందని ఖుషీ అయిండు, పండిండు. జెర ఆలోచన చెయ్యుండ్రి. మీది బెల్టు మీదనే మిగిలి ఉండాలె. విమానమోళ్లకు లెటర్ రాస్తా. కానీ పరేషాన్ ఏందంటే, ఎవ్వలూ తీస్కపోని సామాను ఎన్నడో తగలబెట్టి ఉంటరు."

"సర్కారు వాళ్లు నన్ను సాక్ష్యానికి పిలిచారుగా బాబూ," అంది వీరరాఘవమ్మ. "నేను కట్టిన ముడి నేను గుర్తుపట్టనా? కోర్టులో ఢంకా కొట్టి చెప్తాను."

"అత్తయ్యా, మీరు గుర్తుపడితే నేను జైలుకు పోతాను."

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అబద్ధమాడమని ఆమెను ఎవరూ అడగలేదు.

విచారణ రోజున ప్రాసిక్యూటర్ తాడును పైకెత్తి చూపించాడు. "ఇది కట్టింది మీరేనా?"

వీరరాఘవమ్మ కోడలి వైపు చూడకుండా, "నేనే," అంది. మాధురి బోనులోని కర్రను రెండు చేతులా పట్టుకుంది.

రాఘవేందర్ లేచాడు. "ఇలాంటివి ఎన్నింటికి కట్టారమ్మా?"

"పన్నెండింటికి."

"ఇది ఎవరి పెట్టెదో చెప్పగలరా?"

ఆమె తాడు ముడి మీద వేలు పెట్టి చూసింది. "పటికకు పేరుంటుందా బాబూ?"

తరువాత విమాన సంస్థ గుమాస్తా ఒక రిజిస్టరు పట్టుకుని బోనెక్కాడు. ఎవరూ తీసుకోని పెట్టెలను ఆరు నెలలకు ధ్వంసం చేస్తామని చెప్పాడు. మాధురికి అంతా అయిపోయిందనిపించింది. అతడు వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పుతున్నాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. వెనక్కి తిప్పాడు.

"ఉందండీ. నీలం పెట్టె, పదహారు కిలోలు. అదే విమానం, అదే తేదీ." అతడు ట్యాగు నంబరు చదివాడు.

మాధురి పాస్‌పోర్టు అరెస్టయిన రోజు నుంచీ కోర్టు అధీనంలోనే ఉంది. దాన్ని తెప్పించమని రాఘవేందర్ కోరాడు. బ్యాంకాక్‌లో సామాను అప్పజెప్పినప్పుడు కౌంటరులో ఇచ్చిన చీటీ దాని వెనక అట్టకు ఇంకా అంటుకునే ఉంది. జడ్జి కళ్లజోడు సవరించుకుని రెండు నంబర్లూ ఒక్కో అంకె చొప్పున పోల్చి చూశారు. పది అంకెలూ కలిశాయి.

ఇరవై రెండు రోజులకు తీర్పు వచ్చింది. తెలిసి సరుకు తెచ్చిన మనిషి తన పెట్టెను వదిలేసి వెళ్లి ఉండేది కాదని, పొరపాటున వేరొకరి పెట్టె తీసుకుందన్న వాదన నమ్మదగినదని అందులో రాశారు. మాధురిని నిర్దోషిగా విడుదల చేశారు. కల్పలత ఆచూకీ దొరకలేదు, ఆమెపై కేసు విడిగా కొనసాగుతుంది. అప్పీలు గడువు తీరాక గంజాయిని, నీలం పెట్టెను, నల్లతాడును, పటిక ముక్కను ధ్వంసం చేయాలని ఉత్తర్వు ఇచ్చారు.