కారవాన్ కింద నీళ్ళు

సింకులో గిన్నెలు కడిగితే పక్కనున్న షవరు ట్రేలో టీ పొడి తేలుతోంది. మూడు వారాలుగా ఇదే వరస. అత్తాకోడళ్ళిద్దరూ ఉంటున్న ఆ కారవాన్‌లో, ఆ చక్రాల ఇంట్లో, వంటగట్టుకీ స్నానాల గదికీ మధ్య ఉన్నది ఒక్క పల్చటి చెక్క తలుపు. కోడలు స్నానానికి దిగితే రెండు నిమిషాల్లో నీళ్ళు చీలమండలు దాటేవి. కుళాయి కట్టేసి, ఒంటినిండా సబ్బుతో, అవి దిగేదాకా నిలబడాలి. ఈలోగా బయటినుంచి అత్త తలుపు తట్టేది.

"ఎంతసేపమ్మాయ్? ఆ నీళ్ళు పోతేగానీ నేను గిన్నెలు ముట్టుకోలేను."

"నేనేం పట్టుకుని ఆపట్లేదు అత్తయ్యా."

వాళ్ళు అందులోకి వచ్చి నాలుగు నెలలయింది. అంతకుముందున్న ఇల్లు తగలబడింది. వెనక గదిలో ఎవరో ఇస్త్రీ పెట్టె ఆపకుండా వదిలేశారు. కర్టెన్ అంటుకుంది, మంట పైకప్పుకు పాకింది. ఆ సమయంలో ఇంట్లో ఎవరూ లేకపోబట్టి ప్రాణాలు దక్కాయి. ఆ పొద్దున పనికి వెళ్ళేముందు కోడలు తన కోటు ఇస్త్రీ చేసుకుంది. స్విచ్చి ఆపానో లేదో గుర్తులేదని అడిగినవాళ్ళందరికీ నిజమే చెప్పింది. దాంతో తప్పు ఆమె పేరుమీద ఖాయమైపోయింది. భర్త దూరంగా ఓడరేవులో క్రేను నడుపుతాడు, రెండు వారాలకోసారి వస్తాడు. అతను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఆమెకు ఎక్కువ బాధగా ఉండేది.

ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. వెంట్రుకవాసి తేడా కూడా ఊరుకోని చెయ్యి. ఆదివారం పొద్దున్నే సింకు కింది అలమర ఖాళీచేసి, వంపు గొట్టం ఊడదీసి, అందులోని జిడ్డంతా గోకేసింది. షవరు జాలీలోంచి జుట్టు ఉండలుగా లాగింది. తిరిగి బిగించి నీళ్ళు వదిలితే అవి గుడగుడమని మళ్ళీ ట్రేలోకే ఎక్కాయి.

"అడ్డు పైన లేదు, కింద ఉంది. నేను కిందికెళ్ళి చూస్తా," అంది.

అత్త ఇరవయ్యేడేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. మోకాలు అరిగిపోయి ఉద్యోగం మానింది గానీ, బండి కనిపిస్తే సలహా ఇవ్వకుండా ఉండలేదు.

"నేల మెత్తగా ఉందమ్మాయ్. జాకీ కింద పలక పెట్టు."

"పెద్దగా ఎత్తట్లేదు అత్తయ్యా. నేను దూరేంత సందు చాలు."

తలుపు వైపు జాకీ పెట్టి కారవాన్‌ను జానెడు ఎత్తింది. టార్చి పట్టుకుని వెల్లకిలా లోపలికి జరిగింది. విషయం వెంటనే అర్థమైంది. సింకు నీళ్ళూ షవరు నీళ్ళూ కలిసేది ఒకే ఒక మడతల రబ్బరు గొట్టంలో. దాన్ని పట్టి ఉంచే క్లిప్పులు రెండు ఊడిపోయాయి. వేడినీళ్ళకు మెత్తబడ్డ గొట్టం ఆ మేర ఉయ్యాలలా కిందికి సాగింది. ఆ వంపులో జిడ్డూ సబ్బూ పేరుకున్నాయి. అవతల, అతుకు దగ్గర, చుక్క చుక్కగా కారుతోంది. ఎన్ని రోజుల్నుంచి కారుతోందో, వీపు కింద మట్టి బురదయింది.

ఆ బురద ఎక్కడిదాకా ఉందో చూద్దామని టార్చి తిప్పింది. జాకీ అడుగు అందులోనే ఉంది. ఆమె చూస్తుండగానే అది ఒక పక్కకు ఒరిగింది.

చప్పుడు పెద్దగా ఏమీ కాలేదు. కారవాన్ అడుగునున్న ఇనుప దూలం నెమ్మదిగా దిగి వచ్చి ఆమె రొమ్ము మీద ఆగింది. కుడిచెయ్యి దాని కింద ఇరుక్కుపోయింది. టార్చి ఎటో దొర్లింది. పిలుద్దామంటే లోపలికి గాలి రాలేదు. ఎడమ కాలితో నేలను తన్నింది.

బయట బట్టలు ఆరేస్తున్న అత్త ఆ కాలిని చూసింది. అరిగిన మోకాలిమీదే నేలకు వాలి లోపలికి చూసింది.

"అమ్మాయ్, ఊపిరాడుతోందా?"

"కొంచెం."

"పెద్దగా పీల్చకు. చిన్నగా, పైపైన తీసుకో. మొహం నా వైపు తిప్పు."

అత్యవసర సహాయానికి ఫోన్ చేసింది. బండి రావడానికి ఇరవయ్యయిదు నిమిషాలు పడుతుందన్నారు. చుట్టుపక్కల నాలుగు కారవాన్లున్నా ఆ వారం అన్నీ తాళాలేసి ఉన్నాయి. చక్రం వైపు చూసింది. అది కూడా బురదలోనే ఉంది. ఇందాక పూర్తిగా కనిపించిన టైరు మీది గీత ఇప్పుడు సగమే కనిపిస్తోంది. ఇరవయ్యయిదు నిమిషాలు ఆగితే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"అత్తయ్యా, మంచినీళ్ళ ట్యాంకు తెరవండి. బరువు తగ్గుద్ది."

"ఆ నీళ్ళు నీ కిందికే వస్తాయి. నేల ఇంకా దిగిపోద్ది. నన్ను చూసుకోనీ."

దూలం వైపు బరువు పడకుండా అవతలి అంచునే అడుగులేస్తూ కారవాన్‌లోకెళ్ళి పరుపు ఎత్తి అవతల పడేసింది. మంచం పలకను రెండు చేతులా పీకింది. మేకులతో సహా ఊడొచ్చింది. పక్కనున్న తమ కారు డిక్కీలోంచి చిన్న జాకీ తెచ్చింది. గుమ్మం ముందు మెట్టుగా పేర్చుకున్న ఇటుకలన్నీ కూలదోసి ఒంట్లో సత్తువంతా పెట్టి ఒక్కొక్కటీ దగ్గరకు చేర్చింది. గట్టినేల దొరికేదాకా బురదను చేత్తో తోడి, పలక పరిచి, దానిమీద జాకీ నిలబెట్టి తిప్పసాగింది. రెండు చుట్లు తిప్పడం, దూలం కింద ఇటుక తోయడం. మళ్ళీ రెండు చుట్లు.

మొదటి ఇటుక దూరేసరికి కోడలి గొంతు వినపడటం లేదు.

"మాట్లాడు," అంది అత్త. "అమ్మాయ్, మాట్లాడుతూ ఉండు. నీ గొంతు వినపడకపోతే నా చెయ్యి ఆడదు. నా మీద కోపాలుంటాయిగా, అవి చెప్పు."

కాసేపటికి సన్నగా వినిపించింది. "స్నానం చేస్తుంటే... తలుపు కొడతారు."

"కొడతాను. ఇంకా?"

"నా చెంచాలన్నీ... మళ్ళీ కడుగుతారు."

"అవి జిడ్డుగా ఉంటాయి. ఇంకా చెప్పు."

జాకీ కిర్రుమంది. పలక ఒక మూల కుంగి ఆగింది. అత్త పిడి వదల్లేదు. చెమట కళ్ళలోకి దిగుతున్నా తుడుచుకోలేదు.

"ఇస్త్రీ పెట్టె," అంది కోడలు. "నేనే ఆపలేదని... అందరికీ చెప్పారు. మీ అబ్బాయికీ చెప్పారు."

అత్త చెయ్యి ఆగింది. మళ్ళీ తిరిగింది.

"ఆపంది నేను," అంది. "నువ్వెళ్ళాక దిండు గలీబులు ఇస్త్రీ చేశాను. ఫోనొచ్చింది. మాట్లాడుతూ అట్లాగే బయటికెళ్ళిపోయా. తిరిగొస్తుంటే సందు మొదట్లో పొగ కనపడ్డప్పుడే గుర్తొచ్చింది."

అత్త పిడి మీదికి ఇంకాస్త వంగింది.

"చెబుదామనే అనుకున్నా. నువ్వు గుర్తులేదన్నావు. ఆ మాట పట్టుకుని ఊరుకున్నా."

రెండు చుట్లు. ఇటుక. రెండు చుట్లు. ఇటుక. దూలం కాగితమంత పైకి లేచిందో లేదో, కోడలికి ఒక్కసారిగా గాలి అందింది. ఆ గాలితో ఆమె అన్న మొదటి మాట, "తిప్పండి. ఆపకండి."

నాలుగో ఇటుక దూరాక అత్త ఆమె చంకల కింద చేతులు వేసి లాగింది. చొక్కా చిరిగింది, మనిషి బయటికొచ్చింది. సహాయం బండి వచ్చేసరికి ఇద్దరూ బురదలో పక్కపక్కనే పడుకుని ఉన్నారు. మొదట ఎవర్ని ఎక్కించాలో వచ్చినవాళ్ళకు తెలియలేదు.

కోడలికి రెండు పక్కటెముకలు చిట్లాయి. కుడిచెయ్యి కమిలిపోయింది గానీ విరగలేదు. సాయంత్రం ఆసుపత్రి వరండాలో అత్త కొడుక్కి ఫోన్ చేసింది. కోడలు మంచం మీదనుంచి తలుపు సందులోంచి వింటూనే ఉంది. అత్త ముందు ప్రమాదం సంగతి చెప్పింది. తర్వాత ఇస్త్రీ పెట్టె సంగతి చెప్పింది. చాలాసేపు అవతలివాడి మాటే వింది. "నాకేం చెప్పకు. దానికి చెప్పు, దాన్ని అడుగు," అని ఫోన్ తెచ్చి కోడలి చెవికి ఆనించి, మళ్ళీ వరండాలోకి వెళ్ళిపోయింది.

భర్త ఏడ్చాడు. ఆమెకు ఏడుపు రాలేదు. నాలుగు నెలలు ఈ తప్పు మోశాను, అనుకుంది.

పది రోజులకు అతను సెలవు పెట్టి వచ్చాడు. ముందు కారవాన్‌ను కంకర నేలమీదికి మార్చారు. ఈసారి జాకీ కింద వెడల్పాటి పలకలు వేశారు, చక్రాలకు అడ్డు దుంగలు పెట్టారు, ఇనుప స్టాండ్లు బిగించాకే అతను కిందికి దూరాడు. కోడలు చేతికి కట్టుతో కుర్చీలో కూర్చుని చెప్పింది: మడతల గొట్టం మొత్తం తీసెయ్యాలి, నున్నటి గట్టి పైపు వెయ్యాలి, సింకుకొకటి, షవరుకొకటి, రెండూ వాడిన నీళ్ళ ట్యాంకు దాకా విడివిడిగానే వెళ్ళాలి. జానకొక క్లిప్పు. మొదట్నుంచి చివరిదాకా వాలు ఎక్కడా తప్పకూడదు. ఆ ట్యాంకు గాలి రంధ్రంలో ఏదో పురుగు మట్టి గూడు కట్టింది. అదీ పొడిచి తీయించింది.

అత్త పనిముట్లు అందిస్తోంది. ఆమె, కోడలు ఆ పది రోజులూ అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. మందులేసుకున్నావా, వేసుకున్నా. లైటు తీసెయ్యనా, తీసెయ్యండి.

"నీళ్ళు వదలండి," అని అరిచాడు కింద్నుంచి.

అత్త లోపలికెళ్ళి సింకు నిండా పట్టి బిరడా లాగింది. నీళ్ళు సుడి తిరిగి సర్రున దిగిపోయాయి. షవరు ట్రే పొడిగా ఉంది. కోడలు మెల్లగా లేచి, పక్క ఒత్తిపట్టుకుని లోపలికొచ్చి, తనూ చూసింది. ఇంకోసారి పట్టమంది. ఇంకోసారీ దిగిపోయాయి.

"నాకింకా కోపంగానే ఉంది అత్తయ్యా," అంది ట్రే వైపే చూస్తూ.

"ఉంటుంది," అంది అత్త.

"ఎన్నాళ్ళుంటుందో తెలీదు."

"ఉండనీ. నేనెక్కడికీ పోను."

భర్త జిడ్డు బట్టలతో గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అత్త అతనికి తువ్వాలు విసిరింది. కోడలు పక్కకు జరిగి దారిచ్చింది.