పిక్క పట్టే వీడియో

జెల్ ప్యాడ్ నిండా పెద్దబాపు కాలివెంట్రుకలు. వాటిమీద మగ్గం దూది, ఏదో నూనె. మొదట్నుంచీ ఒకే జత వాడుతున్నాం. కొత్తవి తెప్పించమంటే చింతన్ భాయ్ "ఇంకా అతుకుతున్నాయి కదా" అంటాడు. తడిగుడ్డతో తుడుస్తూ, బీటెక్‌లో ఇది ఏ సెమిస్టర్‌లో చెప్పారా అని ఆలోచించాను.

మా కంపెనీ అంటే సూరత్‌లోని వేసులో ఒక గది, ఒక ఏసీ, ఓనరు చింతన్ భాయ్, నేను. మేం చేసేది పిక్కలకు కరెంటు పెట్టే డబ్బా. పిక్కను కావాలనే పట్టించి వదులుతూ ఉంటే కొన్ని వారాలకు అది మొండికేస్తుంది, అంత తేలిగ్గా పట్టేయదు. నవరాత్రులకు ముందే గర్బా ఆడేవాళ్ళకు అమ్మాలని ప్లాను. పరీక్షకు మాత్రం గర్బా ఆడేవాళ్ళెవరూ కాలివ్వలేదు. పిక్క ఖాయంగా పట్టేసే మనిషి నాకు తెలిసి ఒక్కడే: మా తెలుగు నేతవాళ్ళ బస్తీ లింబాయత్‌లో ఉండే మా నాన్న అన్న, నర్సింగం పెద్దబాపు. షిఫ్టంతా పవర్‌లూమ్ దగ్గర నిలబడే మనిషి. ఒకసారి పిక్క పట్టి, నడుస్తున్న మగ్గం మీద పడబోయాడు. ఇంకోసారి అయితే పనిలోంచి తీసేస్తానని కార్ఖానా సేఠు అన్నాడట. అందుకే నేనే తీసుకొచ్చాను.

డబ్బా పనిచేసింది. ఈ మధ్య ఆయనకు పిక్క పట్టలేదు. ఈరోజు 'ఆఫ్టర్' వీడియో తీశాం. ఎంత పెంచినా పిక్క కాస్త వణికి ఊరుకుంది. పెద్దబాపు పెళ్ళికొడుకులా నవ్వాడు. అప్పుడు చింతన్ భాయ్ ఫోన్‌లో వెతికి నాలిక కరుచుకున్నాడు. 'బిఫోర్' వీడియో డిలీట్ అయిపోయింది.

"మళ్ళీ తీద్దాం," అన్నాడు హిందీలో.

"ఇప్పుడు పట్టదుగా భాయ్."

"నీ కోడ్‌లో కరెంటుకు లిమిట్ ఉంది కదా. తీసెయ్."

"రాత్రికి ఆయనకు షిఫ్టుంది. అంత కరెంటు పెడితే ఆ కాలిమీద నిలబడలేడు."

సూరత్‌లో జీవితం గడిపినవాడికి ఆ మాత్రం హిందీ అర్థమవుతుంది. పెద్దబాపు నావైపు తిరిగాడు. "గిదేందే? నొప్పి పోయిందంటే ఒప్పుకుంటలేడా?"

"నొప్పి చూస్తేనే కదా జనం కొనేది," అన్నాడు చింతన్ భాయ్. "సరే, మీవాళ్ళలో ఇంకొకణ్ణి పట్టుకురా. లింబాయత్‌లో కాళ్ళకేం కరువు?"

టమాటాలు పట్టుకురమ్మన్నట్టే అన్నాడు.

పెద్దబాపు మొహం మాత్రం వెలిగింది. "మా పక్క మగ్గం బిక్షపతి ఉన్నడు గద! ఆనికి మస్తు గోసున్నది బిడ్డా. రేపే తోల్కస్త. ఆనికి గూడ నయమైతది."

అనుమానమొచ్చి అడిగాను. "ఆయనకూ వారాలపాటు పెడతామా భాయ్?"

"ఎందుకు? ఆఫ్టర్ మన దగ్గరుందిగా. మొహాలు కట్ చేసేస్తా. ఎవడిదైతేనేం, కాలు కాలే."

పెద్దబాపు కుర్చీలో కూర్చుని ప్యాంటు పైకి మడిచాడు.

"నాకే పెట్టు. ఆన్నెందుకు పిలుసుడు?"

"లే, పెద్దబాపూ."

"వీడియోకు కాలిస్తనని మాటిచ్చిన్నే."

"రాత్రి మగ్గం కాడ పడ్తే పెద్దమ్మకు నేనేం జెప్పాలె? లే!"

ప్యాడ్లు తీసుకెళ్ళి చింతన్ భాయ్ ముందు పెట్టాను. "కాలు కాలే అన్నారుగా. మీదివ్వండి."

ఆయన ఆ వెంట్రుకలు చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఛీ," అన్నాడు.

పెద్దబాపును లాక్కుని మెట్లు దిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ జగ్దీశ్ ఎప్పటిలా "రామ్ రామ్" అన్నాడు. వీధి మలుపులో షేర్ ఆటో ఎక్కి, అది నిండేదాకా పెద్దబాపు తిట్లు తింటూ కూర్చున్నాను.

"నౌకరి వోతే మీ బాపు నన్నంటడు. గంత నోరేందే నీకు? అత్తగారింట్ల గిట్లనే అంటవా?"

ఫోన్ మోగింది. చింతన్ భాయ్ వీడియో పంపాడు, కింద 'సమస్య తీరింది' అని. మోకాలిదాకా మడిచిన ఖాకీ ప్యాంటు. పిక్క రాయిలా ముద్దకట్టి పైకి లేచింది. ఎవరో "అమ్మా" అని అరుస్తున్నారు. లిమిట్ తీయాల్సిన పని కూడా ఉండదు, అలవాటులేని కాలు సగంలోనే పట్టేస్తుంది. ప్యాడ్లు అవే. తుడవను కూడా తుడవలేదు. నేను ఆటో బయటికి తల పెట్టి ఉమ్మేశాను.

పెద్దబాపు ఫోన్‌లోకి వంగాడు. "వాచ్‌మన్ గదనే!"

అప్పుడే ఆటో దిగేశాడు. మెట్లు నాకన్నా ముందు ఎక్కేశాడు.

జగ్దీశ్ నేలమీద పడి మెలికలు తిరుగుతున్నాడు. చింతన్ భాయ్ ఇంకో టేక్ కోసం లైటు సర్దుతున్నాడు. నేను ప్యాడ్ల వైరు పీకేశాను. పెద్దబాపు కూలబడి, జగ్దీశ్ మడమ ఒడిలో పెట్టుకుని, కాలివేళ్ళు వెనక్కి వంచి పట్టుకున్నాడు. "అయిపాయె, అయిపాయె, ఇడుస్తది," అంటున్నాడు, జగ్దీశ్‌కు తెలుగు రాదన్న సంగతి మరచిపోయి.

చింతన్ భాయ్ ఫోన్ పైకెత్తాడు. "కాకా, ఆ చేయి కొంచెం పక్కకి తీయండి. ఫ్రేమ్‌లోకి వస్తోంది."

పెద్దబాపు తలెత్తకుండానే రెండో చేయి కూడా ఆ పిక్క మీద వేశాడు.